హేవ్‌లాకా, నీలా, డిగ్లీపూరా? అండమాన్‌లో ఏ దీవికి ఎన్ని రాత్రులు

దసరా దాటిందంటే మా చుట్టాల్లోనో స్నేహితుల్లోనో ఎవరో ఒకరు ఫోన్ చేసి అండమాన్ గురించి అడుగుతారు. "ఐదు రాత్రులున్నాయి, అన్నీ కవరైపోతాయి కదా?" అంటారు. అవ్వవు. నేను మూడుసార్లు వెళ్ళాను. ఒకసారి అమ్మానాన్నలతో, ఒకసారి పిల్లలతో, ఒకసారి తాబేళ్ళను చూడాలని. మూడుసార్లూ తిరిగొచ్చేటప్పుడు చూడనివి చాలానే మిగిలాయి. ఎక్కువ సంతోషంగా వచ్చింది మాత్రం తక్కువ చోట్లకు వెళ్ళిన ట్రిప్పుల నుంచే.

అందుకే అడిగినవాళ్ళను నేను తిరిగి మూడు ప్రశ్నలు అడుగుతాను. మీతో ఎవరెవరు వస్తున్నారు? అందులో సముద్రంలో దిగేవాళ్ళు ఎంతమంది? మీరు వెళ్ళే తేదీలు అమావాస్యకో పౌర్ణమికో దగ్గరగా ఉన్నాయా? మొదటి రెండింటికీ జవాబు టక్కున చెప్తారు. మూడోదానికి "అదెందుకు?" అంటారు. ఏ దీవిలో ఎన్ని రాత్రులుండాలో చాలావరకు తేల్చేది ఆ మూడోదే. కారణం కింద వివరంగా చెప్తాను.

ముందు పేర్ల సంగతి. 2018 డిసెంబర్‌లో హేవ్‌లాక్‌కు స్వరాజ్ ద్వీప్ అని, నీల్‌కు షహీద్ ద్వీప్ అని, రాస్ ఐలాండ్‌కు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అని పేర్లు మార్చారు. 2024 సెప్టెంబర్‌లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయ పురం అయింది. టికెట్ల మీద కొత్త పేర్లుంటాయి, ఆటోవాళ్ళ నోట పాత పేర్లే వినిపిస్తాయి. పైగా రాస్ పేరుతో రెండు దీవులున్నాయి. ఒకటి పోర్ట్ బ్లెయిర్ ఎదురుగా, ఇంకోటి దూరంగా ఉత్తరాన డిగ్లీపూర్ దగ్గర. బుక్ చేసేటప్పుడు ఏ రాస్ అన్నది అడిగి తెలుసుకోండి. ఇక్కడ నేను అందరికీ అలవాటైన పాత పేర్లే వాడుతున్నాను.

హేవ్‌లాక్: నీళ్ళలో దిగేవాళ్ళ దీవి

పోర్ట్ బ్లెయిర్ నుంచి సుమారు 40 కిలోమీటర్లు. ప్రైవేటు ఫెర్రీలో గంటన్నర, రెండు గంటలు పడుతుంది. ప్రభుత్వ ఫెర్రీలో ఇంకాస్త ఎక్కువ. ఇక్కడ బీచ్‌లను నంబర్లతో పిలుస్తారు. మూడో నంబరు గోవింద్ నగర్, ఐదో నంబరు విజయ్ నగర్, ఏడో నంబరు రాధానగర్.

రాధానగర్‌ను 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మంచి బీచ్ అని రాసింది. 2020లో శుభ్రమైన, సురక్షితమైన బీచ్‌లకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు కూడా వచ్చింది. ఆ ఏడాదే మన విశాఖ రుషికొండకూ వచ్చింది. రెండింటికీ ఒకేసారి ఒకే గుర్తింపు వచ్చింది కాబట్టి "మనకు రుషికొండ ఉందిగా" అనేవాళ్ళుంటారు. రుషికొండ నాకు ఇష్టమైన బీచే, కానీ రాధానగర్‌లో దిగితే తేడా మీ కాళ్ళకే తెలుస్తుంది. ఇసుక మెత్తగా పిండిలా ఉంటుంది. నేల మెల్లమెల్లగా వాలుతుంది, అడుగు తీసి అడుగు వేస్తే లోతు అనే భయం ఉండదు. ఆర్‌కే బీచ్‌లో అలలు వెనక్కి లాగే తీరు చూసి పెరిగినవాళ్ళకు, పిల్లల్ని నడుంలోతు నీళ్ళలో ఆడనివ్వడం మొదట్లో నమ్మశక్యంగా ఉండదు. బీచ్ వెనకంతా ఎత్తైన అడవి. పడమటి ముఖం కాబట్టి సూర్యాస్తమయం ఇక్కడే చూడాలి.

ఒక్క జాగ్రత్త మాత్రం చాలా ముఖ్యం. అండమాన్ నీళ్ళలో ఉప్పునీటి మొసళ్ళున్నాయి. 2010లో రాధానగర్ పక్కనే నీటిలో ఉన్న ఒక విదేశీ పర్యాటకురాలిని మొసలి చంపేసింది. అందుకే ఈత కొట్టడానికి హద్దులు పెట్టి, బోర్డులు కట్టి, లైఫ్‌గార్డులను ఉంచుతారు. ఆ హద్దు లోపలే ఉండండి. వాగులు సముద్రంలో కలిసే చోట, మడ చెట్లున్న చోట, చీకటి పడ్డాక నీళ్ళలో దిగకండి. ఆ బోర్డులు మొక్కుబడికి పెట్టినవి కావు.

హేవ్‌లాక్‌లో చాలామంది పొరపాటు పడేది గది విషయంలో. రిసార్టుల్లో చాలావరకు తూర్పు ఒడ్డున, మూడు, ఐదు నంబర్ల బీచ్‌లలో ఉంటాయి. ఫొటోల్లో కొబ్బరి చెట్ల మధ్య నీలి నీళ్ళు కనిపిస్తాయి. నీళ్ళు తగ్గే వేళకు చేరితే మాత్రం ఎదురుగా బురద, రాళ్ళు, విరిగిన పగడపు ముక్కలే చాలా దూరం కనిపిస్తాయి. అది ఆ తీరం తీరు, రిసార్టు తప్పు కాదు. స్నానానికి మీరెలాగూ రాధానగర్‌కే వెళ్ళాలి. జెట్టీ నుంచి అది పన్నెండు కిలోమీటర్ల లోపే. బస్సుంది, ఆటో ఉంది, స్కూటీ అద్దెకు దొరుకుతుంది. కాబట్టి "బీచ్ ఫ్రంట్" అనే మాటకు ఎక్కువ డబ్బు పెట్టే ముందు ఆలోచించండి. ఆ డబ్బుతో ఇంకో రాత్రి ఉండొచ్చు.

గాలి సిలిండరు తగిలించుకుని నీటి లోపలికి వెళ్ళే స్కూబా చేయాలనుకుంటే మూడు దీవుల్లో హేవ్‌లాకే సరైనది. మొదటిసారి చేసేవాళ్ళకు ఈత రాకపోయినా పర్వాలేదు, శిక్షకుడు పట్టుకునే ఉంటాడు. పదేళ్ళ లోపు పిల్లలను తీసుకోరు. ముందు ఒడ్డుకు దగ్గర లోతులేని నీళ్ళలో మౌత్‌పీస్‌తో గాలి పీల్చడం నేర్పిస్తారు. ఆ పావుగంటలో టెన్షన్ పడితే సిగ్గుపడకుండా చెప్పండి. ఇంకో ముఖ్య విషయం, నీటి లోపలికి వెళ్ళొచ్చిన వెంటనే విమానం ఎక్కకూడదు. ఒత్తిడి కింద ఒంట్లో కరిగిన నత్రజని మెల్లగా బయటికి పోవాలి. పైకెగిరితే అది బుడగలై ప్రమాదం తెస్తుంది. కనీసం 18 గంటల విరామం కావాలి, ఒక రోజంతా వదలడం ఇంకా మంచిది. కాబట్టి స్కూబాను ట్రిప్పు మొదట్లో పెట్టుకోండి, చివరి రోజుకు దాచుకోకండి.

ఎలిఫెంట్ బీచ్‌కు జెట్టీ నుంచి స్పీడ్ బోటులో వెళ్ళొచ్చు, లేదా అడవి దారిన నడవొచ్చు. పగడాలు ఒడ్డుకు దగ్గరగా ఉండటం వల్ల స్నార్కెలింగ్‌కు, అంటే మాస్కు పెట్టుకుని నీటి మీద తేలుతూ కిందికి చూడటానికి, బాగుంటుంది. కానీ ముందే ఒక మాట చెప్పాలి. 2010 వేసవిలో ఇక్కడి సముద్రం బాగా వేడెక్కి పగడాలు తెల్లబడి చాలావరకు చచ్చిపోయాయి. పగడానికి రంగునూ తిండినీ ఇచ్చేది దానిలో ఉండే సన్నటి నాచు. నీరు వేడెక్కితే పగడం ఆ నాచును బయటికి తోసేస్తుంది. 2016లో మళ్ళీ అలాగే జరిగింది. కోలుకుంటున్న చోట్లున్నాయి, కానీ టీవీలో చూసే రంగుల తోటలు ఊహించుకుని వెళ్తే నిరాశపడతారు. చేపలు మాత్రం పుష్కలం. మా అబ్బాయికి చిలక ముక్కులాంటి నోటితో రాయిని కొరికే చేప కనబడి, రెండు రోజులు దాని గురించే మాట్లాడాడు.

నీల్: నీళ్ళు వెనక్కి పోయాక చూడాల్సిన దీవి

నీల్ చాలా చిన్నది, 14 చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు. ఊళ్ళ పేర్లు వింటే మనవాళ్ళకు ముచ్చటేస్తుంది. రామ్‌నగర్, సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ శరణార్థులకు ప్రభుత్వం ఇక్కడ భూములిచ్చింది. హేవ్‌లాక్‌లో కూడా అంతే. వాళ్ళ కష్టంతో నీల్ ఇప్పుడు చుట్టుపక్కల దీవులకు కూరగాయలు పంపే తోటలా ఉంది. రోడ్డు పక్కన వరి, అరటి, వంగ, బెండ. కోనసీమ నుంచి వచ్చినవాళ్ళకు సగం ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది.

ఇప్పుడు అమావాస్య, పౌర్ణమి సంగతికొస్తాను. సముద్రం రోజుకు రెండుసార్లు పోటెక్కుతుంది, రెండుసార్లు తగ్గుతుంది. ఆ వేళలు రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున జరుగుతుంటాయి. అమావాస్య, పౌర్ణమి దగ్గర పడితే పోటు మరీ ఎక్కువ, ఆటు మరీ ఎక్కువ. అండమాన్‌లో ఆ రోజుల్లో ఎత్తులో తేడా సుమారు రెండు మీటర్లు ఉంటుంది. తీరం పలచగా వాలి ఉంటే రెండు మీటర్ల ఎత్తు తగ్గడమంటే వందల అడుగుల సముద్రపు నేల బయటపడటమే. నీల్ తీరం అలాంటిది.

అమ్మానాన్నలతో వెళ్ళినప్పుడు నాకీ సంగతి తెలియదు. మా ప్యాకేజీ ఏర్పాటు చేసినవాళ్ళు నీల్‌ను ఒక్క పూటలో ఇరికించారు. మధ్యాహ్నం లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్‌లో దించి "నేచురల్ బ్రిడ్జి చూసి రండి" అన్నారు. అమ్మ మోకాళ్ళ నొప్పితో మెట్లు దిగింది. కింద చూస్తే పోటు మీదున్న నీళ్ళు, పాచి పట్టిన రాళ్ళు. వంతెన దాకా వెళ్ళే దారే మునిగిపోయి ఉంది. ఒడ్డు మీద ఒక అంకుల్ కొబ్బరి బోండాలు అమ్ముతూ, "పొద్దున రావాల్సింది బాబూ" అన్నాడు తెలుగులోనే. అమ్మ ఏమీ అనలేదు, రెండు బోండాలు తాగి మెల్లగా మెట్లెక్కింది. ఆ రోజు నాకు చాలా బాధేసింది.

రెండోసారి పిల్లలతో వెళ్ళినప్పుడు ముందే ఆటుపోట్ల వేళలు చూసుకుని నీల్‌లోనే రెండు రాత్రులున్నాం. ఆటు వేళకు గంట ముందు అక్కడికి చేరాం. సముద్రం వెనక్కి వెళ్ళిపోయి, రాతి వంతెన పూర్తిగా బయటపడి ఉంది. అలలు కోసుకుంటూ పోగా మిగిలిన కమాను అది. స్థానికులు దాన్ని హౌరా బ్రిడ్జి అని కూడా అంటారు. అసలు సందడి మాత్రం కింద రాళ్ళ మధ్య నిలిచిన నీటి గుంటల్లో ఉంది. ఒక్కో గుంట ఒక్కో అక్వేరియం. నల్లటి సముద్రపు దోసకాయలు, వేలు చూపితే కన్నంలోకి జారిపోయే పీతలు, నీలి అంచులతో నోరు తెరిచిన ఆల్చిప్పలు, బురదలో తోకతో గెంతే చిన్న చేపలు. దారి చూపిన కుర్రాడు వేటినీ ముట్టుకోనివ్వలేదు, ఎక్కడ అడుగేయాలో చూపించాడు. ఈత రాని మా ఆవిడకు, నీళ్ళంటే భయపడే మా పాపకు సముద్రం లోపలి బతుకు చూసే అదృష్టం దొరికింది ఇక్కడే. స్నార్కెలింగ్ మాస్కు లేకుండా, పడవ ఎక్కకుండా, పాదాలు తడుపుకుని.

అందుకే నా మాట ఇది: ఈత రానివాళ్ళు ఎక్కువ ఉంటే, తేదీలు అమావాస్య లేదా పౌర్ణమికి ఒకటి రెండు రోజులు అటూ ఇటూగా ఉండి ఆటు పగటి వేళ పడితే, హేవ్‌లాక్‌కు ఒక రాత్రి తగ్గించి నీల్‌కు ఇవ్వండి. అష్టమి దగ్గర వెళ్తుంటే నీటి తేడా తక్కువ, అప్పుడు నీల్‌లో ఒక రాత్రి చాలు. ఆటు వేళలు ఫోన్ యాప్‌లలో దొరుకుతాయి, లేకపోతే మీరు దిగబోయే హోటల్‌కు ఫోన్ చేసి ఫలానా తేదీన నీళ్ళు ఎప్పుడు తగ్గుతాయని అడిగినా చెప్తారు.

అయితే నడక సులువేం కాదు. మెట్లున్నాయి, రాళ్ళు జారుతాయి. మోకాళ్ళ బాధ ఉన్న పెద్దవాళ్ళను కింద దాకా లాగొద్దు. వాళ్ళకు జెట్టీ పక్కనే ఉన్న భరత్‌పూర్ బీచ్ బాగుంటుంది. నీడ, కుర్చీలు, గ్లాస్ బాటమ్ బోట్లు ఉంటాయి. లక్ష్మణ్‌పూర్ మొదటి బీచ్‌లో సూర్యాస్తమయం, సీతాపూర్‌లో సూర్యోదయం. సీతాపూర్‌లో అలలు గట్టిగా ఉంటాయి, చూడటానికే తప్ప దిగడానికి కాదు. కాళ్ళకు వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు ఇంటి నుంచే తెచ్చుకోండి.

నీల్‌లో రాత్రిళ్ళు చేయడానికేమీ ఉండదు. ఎనిమిదింటికి ఊరు పడుకుంటుంది. అది కొందరికి విసుగు, నాకైతే అదే కావాల్సింది.

బరాటాంగ్ గురించి

బరాటాంగ్ అనే దీవికి వెళ్ళొచ్చే రోజు ప్యాకేజీల్లో దాదాపు తప్పకుండా ఉంటుంది. తెల్లవారుజామున మూడు, నాలుగింటికి లేచి, జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర వరసలో నిలబడి, పోలీసు కాన్వాయ్‌లో జారవా ఆదివాసుల అడవి గుండా వెళ్ళి, పంటు దాటి, మడ అడవుల మధ్య పడవలో సున్నపురాయి గుహలకు చేరుతారు. మడ కొమ్మల కింద పడవ దూరిపోయే ఆ చివరి దారి అందంగా ఉంటుంది, కాదనను.

కానీ నేను వద్దంటాను. జారవాలు కొన్ని వందల మందే మిగిలిన జాతి. బయటివాళ్ళతో కలిసి ఎంతో కాలం కాలేదు. మనకు మామూలు జబ్బులు వాళ్ళకు మామూలువి కావు, 1999లో వాళ్ళలో తట్టు వ్యాపించి చాలామంది జబ్బుపడ్డారు. వాళ్ళ అడవిలోంచి వెళ్ళే రోడ్డును మూసెయ్యమని 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. రోడ్డు ఇంకా నడుస్తూనే ఉంది. కాన్వాయ్‌లో ఆగకూడదు, ఫొటో తియ్యకూడదు, ఏదీ ఇవ్వకూడదు అని నియమాలున్నాయి. అయినా బస్సులో పదిమంది అద్దాలకు ముఖం ఆనించి "కనబడ్డారా, కనబడ్డారా" అనుకోవడం నేను విన్నాను. మనుషుల్ని అలా వెతుక్కుంటూ వెళ్ళే ప్రయాణం నాకు మనసొప్పలేదు.

ఇంకో కారణం కూడా ఉంది. తెలుగువాళ్ళకు గుహలు కావాలంటే బొర్రా ఉంది, బరాటాంగ్ గుహలు దాని ముందు చాలా చిన్నవి. మడ అడవులు కావాలంటే మా కాకినాడ పక్కనే కోరింగ ఉంది, చెక్క వంతెన మీద నడుస్తూ చూడొచ్చు. ఒక రోజంతా, అదీ నిద్ర చెడగొట్టుకుని, వీటికోసం ఇవ్వడం కన్నా ఆ రోజు జాలీబాయ్‌కు ఇవ్వండి.

జాలీబాయ్ అంటే పోర్ట్ బ్లెయిర్‌కు దక్షిణాన వండూర్ నుంచి పడవలో వెళ్ళే చిన్న దీవి, 1983లో ఏర్పాటైన మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కులో భాగం. అక్కడ ఎవరూ ఉండరు, దుకాణం లేదు, రాత్రి ఉండనివ్వరు. చలికాలం నుంచి వేసవి మొదటి దాకా తెరిచి, మిగతా నెలల్లో మూసేస్తారు. అప్పుడు రెడ్‌స్కిన్ అనే ఇంకో దీవికి తీసుకెళ్తారు. పగడాలకు విశ్రాంతి ఇవ్వడానికే ఈ వంతులు. ప్లాస్టిక్ కవరు, సీసా ఏదీ తీసుకెళ్ళనివ్వరు, స్టీలు డబ్బాలో పులిహోర, స్టీలు సీసాలో నీళ్ళు పట్టుకెళ్ళాలి. పడవ అడుగున అద్దంలోంచి పగడాలు చూడొచ్చు కాబట్టి పెద్దవాళ్ళకు కూడా వీలుగా ఉంటుంది. పర్మిట్లు రోజుకు కొన్నే, ముందే తీసుకోవాలి.

డిగ్లీపూర్: తాబేళ్ళ కోసం వెళ్ళేవాళ్ళకు

మీకు జంతువులు, పక్షులు ప్రాణమైతే, పైన చెప్పిన రెండు దీవులనూ వదిలేసి ఉత్తరానికి వెళ్ళొచ్చు. మామూలు కుటుంబ ట్రిప్పుకు నేను దీన్ని సూచించను, దూరం చాలా ఎక్కువ. రోడ్డు మీద 300 కిలోమీటర్లకు పైనే, రోజంతా పడుతుంది, అదీ జారవాల అడవి గుండానే. ప్రభుత్వ ఓడలు కూడా తిరుగుతాయి, పోర్ట్ బ్లెయిర్‌లో రాత్రి ఎక్కితే సముద్రం మీదుగా చేరొచ్చు. నేను అలాగే వెళ్ళాను. ఓడలు రోజూ ఉండవు కాబట్టి డిగ్లీపూర్‌కు కనీసం మూడు రాత్రులు, వెనక ఒకటి రెండు రోజులు ఖాళీగా పెట్టుకోవాలి.

అక్కడ కాలీపూర్ బీచ్‌కు డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా తాబేళ్ళు గుడ్లు పెట్టడానికొస్తాయి. అండమాన్ నికోబార్ తీరాల్లో గుడ్లు పెట్టేవి నాలుగు రకాలు: ఆలివ్ రిడ్లీ, పచ్చ తాబేలు, హాక్స్‌బిల్, అన్నిటికన్నా పెద్దదైన లెదర్‌బ్యాక్. ఆలివ్ రిడ్లీలు మన శ్రీకాకుళం నుంచి కాకినాడ దాకా కూడా వస్తాయి, హోప్ ఐలాండ్ వాటికి పేరున్న చోటు. కానీ మన తీరంలో చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చినవే నేను చిన్నప్పటి నుంచి ఎక్కువ చూశాను. బతికున్న తల్లి తాబేలు చీకట్లో బరువుగా పాకుతూ పైకొచ్చి, వెనక కాళ్ళతో ఇసుక తోడి, గుడ్లు పెట్టి, గుంతను కప్పి తిరిగి వెళ్ళడం మొదటిసారి చూసింది కాలీపూర్‌లో. గంటకు పైగా ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. అటవీ శాఖవాళ్ళు తోడుండాలి, టార్చి వెయ్యకూడదు, ఫోన్ వెలుతురు కూడా తగలకూడదు. వెలుతురు పడితే అది గుడ్లు పెట్టకుండానే వెనక్కి వెళ్ళిపోతుంది. రెండు రాత్రులు కాపు కాసినా కనబడకపోవచ్చు. ఆ ఓపిక ఉంటేనే వెళ్ళండి.

పగటిపూట ఏరియల్ బే నుంచి రాస్, స్మిత్ జంట దీవులకు వెళ్ళొచ్చు. నీళ్ళు తగ్గితే రెండింటి మధ్య తెల్లటి ఇసుక దారి తేలుతుంది. 732 మీటర్ల శాడిల్ పీక్, అండమాన్‌లో అన్నిటికన్నా ఎత్తైన కొండ, పూర్తి రోజు నడక.

అంత దూరం వెళ్ళలేనివాళ్ళకు పోర్ట్ బ్లెయిర్ దగ్గర్లోనే చిడియా టాపూ ఉంది. ఆ పేరుకే పక్షుల దీవి అని అర్థం. పొద్దున్నే వెళ్తే పక్షులు, సాయంత్రం వెళ్తే సూర్యాస్తమయం. పిల్లలుంటే పోర్ట్ బ్లెయిర్ ఎదుటి రాస్ దీవి. బ్రిటిష్ కాలపు చర్చి గోడలను మర్రి వేళ్ళు చుట్టేసి ఉంటాయి, వాటి మధ్య జింకలు, నెమళ్ళు మనిషిని చూసి బెదరకుండా తిరుగుతాయి.

పోర్ట్ బ్లెయిర్‌లో రెండు రాత్రులు

మొదటి రాత్రి, చివరి రాత్రి ఇక్కడే ఉండాలి. మొదటి రోజు సాయంత్రం సెల్యులార్ జైలు. 1896లో మొదలుపెట్టి 1906కి కట్టారు, ఏడు విభాగాల్లో ఇప్పుడు మూడే నిలిచి ఉన్నాయి. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొరను ఇక్కడికే పంపారు. బయటికొచ్చాక 1952లో ఆయన విశాఖ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. పిల్లలకు ఈ మాట చెప్పి లోపలికి తీసుకెళ్తే ఆ గదులు వాళ్ళకు వేరేగా కనబడతాయి.

భాష గురించి బెంగ వద్దు. 2011 లెక్కల్లో ఈ దీవుల్లో తెలుగు మాట్లాడేవాళ్ళు 13 శాతం. జంగ్లీఘాట్ వైపు వెళ్తే శ్రీకాకుళం యాస వినబడుతుంది.

చివరి రాత్రి ఎందుకంటే, గాలివాన వస్తే ఫెర్రీలు ఆపేస్తారు. 2016 డిసెంబర్‌లో తుఫానుకు హేవ్‌లాక్, నీల్‌లలో వెయ్యి మందికి పైగా చిక్కుకుపోయారు, నౌకాదళం వెళ్ళి తీసుకొచ్చింది. పొద్దున ఫెర్రీ దిగి మధ్యాహ్నం విమానం ఎక్కే ప్లాన్ ఎవరిచ్చినా ఒప్పుకోకండి.

ఎలా వెళ్ళాలి, ఎప్పుడు వెళ్ళాలి

హైదరాబాద్ నుంచి నేరుగా విమానం రెండున్నర గంటలు. విశాఖ నుంచి ఓడ కూడా ఉంది కానీ అది ఎప్పుడో ఒకసారి నడుస్తుంది, సుమారు రెండున్నర రోజులు పడుతుంది. సెలవులు దండిగా ఉన్నవాళ్ళు ఒకవైపు ఓడలో వెళ్తే మంచి అనుభవం, రెండు వైపులా మాత్రం వద్దు.

దీవుల మధ్య ప్రైవేటు ఫెర్రీ వేగం, ఏసీ, కానీ చాలావాటిలో తలుపులు మూసిన హాల్లో కూర్చోవాలి. అలలెక్కువుంటే వాంతులు పట్టుకుంటాయి. ప్రభుత్వ ఫెర్రీ చవక, నెమ్మది, డెక్ మీద గాలికి నిలబడొచ్చు, అదృష్టం ఉంటే డాల్ఫిన్లు కనబడతాయి. టికెట్ దొరకడమే కష్టం. పెద్దవాళ్ళుంటే ప్రైవేటుదే తీసుకుని, డాక్టర్‌ను అడిగి వాంతుల మాత్ర బయల్దేరే ముందే వేయించండి. పోర్ట్ బ్లెయిర్, హేవ్‌లాక్, నీల్, మళ్ళీ పోర్ట్ బ్లెయిర్ అనే వరసలో వెళ్తే తిరిగిన దారే తిరగక్కర్లేదు. హేవ్‌లాక్ నుంచి నీల్ గంట ప్రయాణం.

డిసెంబర్ చివర్లో రద్దీ, ధరలు రెండూ ఎక్కువ. మే నుంచి సెప్టెంబర్ దాకా వానలు. నన్నడిగితే ఫిబ్రవరి. సముద్రం అద్దంలా ఉంటుంది, తాబేళ్ళ కాలం ఇంకా ముగియదు. గడియారం మనదే కానీ సూర్యుడు మనకన్నా చాలా ముందు అస్తమిస్తాడు. చలికాలంలో సాయంత్రం ఐదు, ఐదుంబావుకే. భోంచేసి మూడింటికి బయల్దేరదాం అనుకుంటే బీచ్‌లో రెండు గంటలు కూడా మిగలవు. తెల్లవారుజామున లేచి, మధ్యాహ్నం నిద్రపోండి.

మరి మీకు ఏది?

ఐదు రాత్రులుండి పెద్దవాళ్ళు తోడుంటే: పోర్ట్ బ్లెయిర్ రెండు, నీల్ రెండు, చివరి రాత్రి మళ్ళీ పోర్ట్ బ్లెయిర్. జాలీబాయ్, రాస్ చూపించండి. హేవ్‌లాక్ వదిలేయండి. రాధానగర్ చూడలేదని బాధ ఉంటుంది నిజమే, కానీ మూడు ఫెర్రీల బదులు రెండే ఎక్కుతారు, సామాను సర్దే గోల ఒకటి తగ్గుతుంది. అరవై దాటినవాళ్ళకు ఆ తేడా పెద్దది.

పదేళ్ళు దాటిన పిల్లలు, ఈతొచ్చినవాళ్ళు ఉంటే: పోర్ట్ బ్లెయిర్ ఒకటి, హేవ్‌లాక్ రెండు, నీల్ ఒకటి, పోర్ట్ బ్లెయిర్ ఒకటి. స్కూబా హేవ్‌లాక్‌లో దిగిన మర్నాడే.

కొత్తగా పెళ్ళైనవాళ్ళు హేవ్‌లాక్‌లో మూడు రాత్రులు ఉండి నీల్ జోలికి పోకపోయినా నష్టం లేదు. అమావాస్య రోజుల్లో అయితే రాత్రి కయాకింగ్ అడగండి. తెడ్డు వేసిన చోటల్లా నీళ్ళు నీలంగా మెరుస్తాయి, నీటిలోని సూక్ష్మజీవుల వెలుగు అది. వెన్నెల ఉన్న రాత్రుల్లో సరిగా కనబడదు.

నాలుగు రాత్రులే ఉంటే పోర్ట్ బ్లెయిర్ కాకుండా ఒక్క దీవే పెట్టుకోండి. ఏదన్నది పైన చెప్పిన మూడు ప్రశ్నలే చెప్తాయి.

తిరిగొచ్చేటప్పుడు గవ్వలు, పగడపు ముక్కలు ఏరుకుని సంచిలో వేసుకోకండి. 1972 వన్యప్రాణి చట్టం కింద పగడాలు పులితో సమానంగా రక్షణ ఉన్నవి. చచ్చిన ముక్కైనా విమానాశ్రయంలో దొరికితే ఇబ్బందే. మా పాప నీల్‌లో ఏరిన గుప్పెడు గవ్వలను ఫెర్రీ ఎక్కే ముందు భరత్‌పూర్ నీళ్ళలో ఒక్కొక్కటిగా వదిలింది. వాటిలో రెండు గవ్వలకు కాళ్ళొచ్చి నడుచుకుంటూ పోయాయి. లోపల సన్యాసి పీతలున్నాయని అప్పటిదాకా మాకు తెలియనే తెలియదు.